పన్నెండు టోపీలు, చిటికెడు పసుపు

మా పక్కింటి బాబాకు, అంటే ఆ ఇంటి యజమానికి, ఏడాదికోసారి బీదవాడిగా బతకాలన్న సరదా పుడుతుంది. పదకొండు మంది స్నేహితులను కూడగట్టి, తాతల కాలంలో ముత్యాల వేటకు వెళ్ళినట్టే చెక్క పడవెక్కి పది రోజులు దీవుల చుట్టూ తిరిగొస్తాడు. రేవు దాకా ఏసీ కారులోనే వెళ్తాడనుకోండి. పడవెక్కాక మాత్రం చేతికి గడియారం ఉండకూడదు, అంగీకి ప్లాస్టిక్ గుండీ ఉండకూడదు, ఎక్కడా మిషన్ కుట్టు కనబడకూడదు. పాత ఫొటోలో తాతలు ఎలా ఉన్నారో వీళ్ళూ అచ్చం అలాగే ఉండాలి. ఈసారి ఆ బట్టలన్నీ తానే చూసుకుంటానని ఆయన భార్య మామా ఒప్పుకుంది. మామా ఒప్పుకుందంటే ఆ ఇంట్లో పనిచేసే తిరుపాలమ్మ కుట్టాలని అర్థం.

ఈ అరబ్బు దేశంలో, సబా అల్ సలేంలో, మేం పనిచేసే రెండిళ్ళకూ మధ్య ఒక్కటే గోడ. డాబా మీద బట్టలారేస్తూ ఆ గోడ మీదుగానే మా కష్టసుఖాలన్నీ మాట్లాడుకుంటాం. నాది జగిత్యాల వైపు, ఆమెది రాయచోటి. చిన్నప్పుడు బడిలో సిస్టర్లు నేర్పిన క్రోషియా అల్లిక ఆమె వేళ్ళకు ఇంకా గుర్తుంది. గిన్నెలు తోమిన చేతులు ఆరీ ఆరకముందే కొక్కెం సూది, తెల్లదారం పట్టుకునేది. మూడు నెలల్లో పన్నెండు అంగీలు కుట్టింది, పన్నెండు టోపీలు అల్లింది. ఒక్కో టోపీకి ఇంటిపని మధ్య మూడేసి రోజులు పట్టింది.

అదంతా తమ్ముడి కోసం. రామాంజులుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కిందటి సెలవులో పరీక్షలు చేస్తే అక్క కిడ్నీ సరిపోయింది. నవంబరు ఇరవైన తిరుపతిలో ఆపరేషను. "గురువారం పడవ కదలనీ, శుక్రవారం నిన్ను విమానం ఎక్కిస్తాను" అని మామా మాటిచ్చింది. టికెట్టు కూడా తీసింది. పాస్‌పోర్టు మాత్రం మామా బీరువాలోనే ఉంది.

మంగళవారం సాయంత్రం ఆఖరి టోపీ పూర్తయింది. కొత్త బట్ట చేతికొస్తే మనవాళ్ళం ఏం చేస్తాం? ఓ మూల చిటికెడు పసుపు రాస్తాం. తిరుపాలమ్మ చెయ్యి కూడా ఆలోచించకుండానే వంటింటి డబ్బాలోకి పోయింది. సముద్రం మీదికి పోయే మనుషులు కదా అని పన్నెండు టోపీలకూ లోపలి అంచున పసుపు పెట్టి, దండం పెట్టుకుని మరీ మడత పెట్టింది.

బుధవారం ఉదయం మామా ఆ మచ్చలు చూసింది. పన్నెండింటికీ ఒకే చోట, ఒకేలాగా ఉన్న మచ్చలు. చేతబడి అనుకుంది. టోపీలను బకెట్లో వేసి సబ్బు రుద్దింది. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో మనకు తెలుసు, ఆమెకేం తెలుసు! మచ్చలన్నీ నెత్తురు రంగుకు తిరిగాయి. ఆ కేక మా వంటింట్లోకి వినబడింది.

నేను డాబా మీదికి పరుగెత్తేసరికి తిరుపాలమ్మ టోపీల మీద నిమ్మకాయ పిండుతోంది.

"ఏమైందక్కా? ఏం చేసినవ్?"

"పసుపు పెట్నా భాగ్యా. ఇంగేం జేయలేదు, నా బిడ్డల మీద ఒట్టు. బాబా పోయి మళ్ళా క్షేమంగా వచ్చేదాంకా నన్ను కదలనీదంట. వాళ్ళు వచ్చేది ఇరవైమూడుకి. నా తమ్మునికి ఇరవయ్యే కదా!"

నిమ్మరసానికి ఎరుపు మళ్ళీ పసుపయింది. టోపీలను తీగ మీద ఎండకు వేసింది. పసుపు మరకను ఎండే తినేస్తుందని అమ్మలు చెప్పిన మాటే ఇప్పుడామెకు దిక్కు. మబ్బు తునక అడ్డొచ్చినప్పుడల్లా ఆకాశం వైపు చేతులు జోడించింది. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. ఒక మనిషి ప్రాణం పన్నెండు టోపీలతో పాటు తీగ మీద ఆరుతుంటే ఎవరికి రాదు?

మధ్యాహ్నం మూడింటికి టోపీలు మల్లెల్లా అయ్యాయి. మామా పైకి వచ్చి ఒక్కొక్కటీ తిరగేసి చూసింది. ఆమె ముఖం ఇంకా పాలిపోయింది.

"కనబడకుండా చేశావు. కనబడకపోతే ఇంకా భయం" అంది.

అప్పుడే బాబా బట్టలు చూసుకోవడానికి పైకి వచ్చాడు. తిరుపాలమ్మ ఆయన ముందు ఒక టోపీ తీసుకుని, చివరి ముడిని పంటితో కొరికి, దారం లాగింది. క్రోషియా అల్లికకు ఒక్క ముడే ఆధారం. అది తెగితే మూడు రోజుల పని మూడు నిమిషాల్లో దారమైపోతుంది. అంచు పోయింది, పూలవరస పోయింది. దారం ఆమె కాళ్ళ దగ్గర కుప్పపడుతోంది.

"ఏం చేస్తున్నావు!" అని అరిచాడు బాబా.

"పన్నెండూ ఇప్పేస్తాను" అంది తిరుపాలమ్మ తన వచ్చీరాని అరబ్బీలో. ఆమె గొంతు అంత గట్టిగా లేవడం నేను వినడం అదే మొదలు. "మీరు సముద్రం నుంచి తిరిగి రావాలని పసుపు పెట్టాను. మా ఊళ్ళో కొత్త బట్టకు అలాగే పెడతాం. నా తమ్ముడు చచ్చిపోతున్నాడు బాబా. వాడికి కావలసింది నా ఒంట్లో ఉంది. నన్ను పోనివ్వండి."

బాబాకు తమ్ముడి సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన భార్య వైపు తిరిగాడు. ఆమె తల దించుకుని, "నీకేమైనా అవుతుందేమోనని..." అంది. ఆమె కళ్ళలో ఉన్నది నిజమైన భయమే, అది కూడా ఒప్పుకోవాలి.

"పడవెక్కేది నేను. భయపడితే నేను భయపడాలి. పాస్‌పోర్టు తెచ్చివ్వు" అన్నాడు బాబా.

మామా కిందికి వెళ్ళి వచ్చేదాకా తిరుపాలమ్మ ఆ దారం వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక ఆమె నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని కూర్చుంది. పాస్‌పోర్టు ఒళ్ళో పెట్టుకుని, లాగిన దారం సవరించుకుని, సగం పోయిన టోపీని మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"పోనీయరాదక్కా! లేచి బట్టలు సర్దుకో."

"ఒక మనిషి టోపీ ల్యాకుండా పోతాడు కదా" అంది తలెత్తకుండా. "భాగ్యా, మీ వంటింట్లో పసుపుంటే రోంత తెస్తావా?"

"ఇంకా బుద్ధి రాలేదా నీకు?"

"టోపీకి గాదులే."

తెచ్చాను. ఆమె లేచొచ్చి గోడ మీదుగా పాస్‌పోర్టు నా ముందుకు పట్టింది. "నాకు నేనే పెట్టుకుంటే యాడ పనిజేస్తాది? నువ్వు పెట్టు" అంది. అట్ట లోపలి మూలన నా వేలితో పెట్టాను.