శూన్యానికి హౌస్‌ఫుల్

ఆ రోజుల్లో నాకు బాగున్నదేదీ నచ్చేది కాదు. సున్నం వేసిన గోడ కనిపిస్తే మొహం తిప్పుకునేదాన్ని, పెచ్చులూడిన గోడ కనిపిస్తే బండి ఆపేదాన్ని. నందిగామలో ఒక ఫోటో స్టూడియోలో ఉద్యోగం. వారమంతా పెళ్లికూతుళ్ల మొటిమలు కంప్యూటర్లో చెరపడం, ఆ పాపానికి ప్రాయశ్చిత్తమన్నట్టు ఆదివారం పాడుబడ్డ కట్టడాల చుట్టూ తిరగడం. మూతబడ్డ జిన్నింగ్ మిల్లు, తలుపుల్లేని క్వార్టర్లు, పైకప్పు కూలిన గోడౌను, అన్నీ నా కంటికి కావ్యాలే. వాటిని నలుపు తెలుపుల్లోకి మార్చి, కింద ‘కాలం’, ‘మౌనం’, ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేదాన్ని. (ఎవరూ లేరన్నది నిజమే. లైకు కొట్టడానికి కూడా ఎవరూ ఉండేవారు కాదు.) నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మనిషి ఒంటరివాడని గట్టిగా నమ్మేదాన్ని, అమ్మ కట్టిచ్చిన పులిహోర తింటూ.

అలాంటి సమయంలో విజయవాడలో కుర్ర ఫోటోగ్రాఫర్ల ప్రదర్శన ఒకటి పెడుతున్నారని తెలిసింది. అంశం ‘శూన్యం’. అది నాకోసమే పెట్టారనుకున్నాను. జగ్గయ్యపేటలో ఏళ్ల తరబడి మూతబడి ఉన్న సినిమా హాలొకటి నా దృష్టిలో ఉంది. మా స్టూడియో ఓనర్‌ని బతిమాలి మంచి కెమెరా అడిగాను. “తీస్కపో. సాయంత్రం ఐదింటికల్లా నా టేబుల్ మీదుండాలి, రిసెప్షనుంది. కెమెరా రాకపోతే రేపట్నించి నువ్వూ రానక్కర్లేదు” అన్నాడాయన. ఆయన మామూలుగా మాట్లాడితేనే గోడలు అదిరేవి. ఈ మాట మాత్రం మెల్లగా అన్నాడు, అందుకే భయమేసింది.

ఇంట్లో మరో చిక్కు. “పాములుంటయ్, తాగుబోతులుంటారు. అత్తని తీస్కెళ్తేనే వెళ్లు” అంది అమ్మ. అత్త అంటే మా నాన్నకి అక్క. హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, ఎవరికీ భయపడలేదు. ముందున్నది ఒక్కరైనా హాస్టల్ మొత్తానికి వినపడేలా మాట్లాడేది. ఆ ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే తెల్లచీరతోనే నా స్కూటర్ ఎక్కి, “పద, ఆ కొంపేదో చూసొద్దాం” అంది.

హాలు పక్క సందులోనే వాచ్‌మన్ ఇల్లు. “తియ్యడానికేముందమ్మా అందులో? తెరగూడా ఎలకలు కొట్టేసినయ్” అంటూనే పక్క గేటు తెరిచాడు. స్కూటర్ సీటు కాలిపోతుందని అత్త గొడవ చేస్తే, కాస్త అవతల మరో ప్రహరీ నీడలో పెట్టొచ్చాను. అత్త తన ఫోను దాని డిక్కీలోనే వదిలేసింది. ఇవి పనికిమాలిన వివరాలనే అనుకున్నానప్పుడు, కావని తర్వాత తెలిసింది.

లోపల నేను కోరుకున్న స్వర్గం. స్పాంజి పీకేసిన కుర్చీలు, పావురాల రెట్టలు, పైరేకు కన్నంలోంచి ఏటవాలుగా దిగుతున్న వెలుగు. ఫోన్ టార్చి వేసి ఒకచోట ఆనించి, ఊపిరి బిగబట్టి ఫోటోలు తీస్తున్నాను. వెనక చప్పుడు. చూస్తే అత్త, ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, పడిపోయిన కుర్చీలన్నీ లేపి వరసగా నిలబెడుతోంది.

“అత్తా! అవి అట్లాగే ఉండాలి!”

“ఎందుకే?”

“అదే అందం.”

“అందమా? మీ అమ్మతో చెప్తానుండు, నీ మంచం కింద ఊడవద్దని.”

అక్కణ్ణించి పంపేయడానికి, బాల్కనీ చూసి రమ్మన్నాను. పైకెళ్లి కూర్చుంది. కాసేపటికి తలెత్తి చూశాను. రెండు చేతులూ కుర్చీ చేతుల మీద వేసుకుని రాణిలా కూర్చుంది. “ట్రైనింగులో ఉన్నప్పుడు మా నాన్నకి తెలీకుండా వచ్చేవాళ్లం. నేల టికెట్టు. ఇంటర్వెల్లో వెనక్కి తిరిగి ఈ బాల్కనీ వంక చూసేవాళ్లం, అక్కడ కూర్చున్నోళ్లు ఎంత అదృష్టవంతులో అని” అంది. తర్వాత మెడ అటూ ఇటూ వంచి చూసి, “ఏం లేదే, స్తంభం అడ్డం. తెర సగమే కనపడతంది” అని గట్టిగా నవ్వింది. ఆ నవ్వుకి పావురాలన్నీ ఒక్కసారి లేచాయి.

మూడున్నరకి బయల్దేరదామని వస్తే గేటుకి బయట తాళం. పిలిచాం, బాదాం, ఎవరూ పలకలేదు. (స్కూటర్ కనపడక, మేం వెళ్లిపోయామనుకుని తాళమేసి, వాచ్‌మన్ కోదాడలో చుట్టాలింటికి బస్సెక్కాడని తర్వాత తెలిసింది.) నా ఫోను టార్చి వెలిగించీ వెలిగించీ చచ్చిపోయింది. అత్త ఫోను డిక్కీలో ఉంది. నా కళ్లముందు ఓనర్ ఖాళీ టేబుల్ కదిలింది. కోరుకున్న శూన్యం చేతికందాక ఏడుపొచ్చింది. “ఏడిస్తే తాళాలూడతాయా?” అని అత్త నన్ను టికెట్లమ్మే గదిలోకి లాక్కెళ్లింది. రోడ్డువైపు గోడకి పక్కపక్కనే రెండు కిటికీలు, ఆడవాళ్లకొకటి, మగవాళ్లకొకటి. ఒక్కోదానికి చెయ్యి పట్టేంత కన్నం. అత్త కన్నానికి అడ్డంగా ఉన్న చెక్క పక్కకి తోసి, ఆడవాళ్ల కన్నంలోంచి చెయ్యి బయటపెట్టి ఊపింది.

మొదట ఒక పెద్దాయన వచ్చాడు. వంగి లోపలికి చూశాడు. మొహం వెలిగిపోయింది. “హాలు తెరిచారా! ఏం బొమ్మమ్మా?”

“బొమ్మా లేదు, బొరుసూ లేదు! తాళం పడింది బాబూ, లోపల ఇద్దరం ఇరుక్కుపోయాం!”

సరిగ్గా అప్పుడే ముక్త్యాల వైపు వెళ్లే సిమెంటు లారీ ఒకటి హారన్ కొట్టింది. ఆయనకి సగమే వినపడింది. “ఇద్దరికేనా? మేం నలుగురం” అన్నాడు.

తర్వాత మా చేతుల్లో లేదు. బజ్జీల బండి దగ్గరున్నవాళ్లు వచ్చారు. బస్సుకోసం నిలబడ్డవాళ్లు బస్సు వదిలేసి వచ్చారు. “ఏసీ పెట్టారంట” అని ఒకరు, “ఎన్నింటికేస్తరు ఆట?” అని ఒకరు. తోపులాట మొదలైంది. తోపులాట చూసేసరికి అత్తలోని వార్డెన్ లేచింది. “లైన్లో రండి! ఆడవాళ్లిటు, మగవాళ్లటు! తోసుకుంటే ఎవ్వరికీ లేదు!” అని అరిచింది. ఏది లేదో ఆమెకే తెలియదు. కానీ టికెట్లు ఉన్నాయనడానికి ఊరికి అంతకన్నా రుజువేం కావాలి? రెండు లైన్లూ రోడ్డెక్కాయి. నేను మగవాళ్ల కన్నానికి కెమెరా ఆనించాను. ఎందుకు నొక్కానో తెలియదు, నొక్కుతూనే ఉన్నాను.

చివరికి సంగతి అర్థమైంది, జనం అడ్డంపడి ఆగిపోయిన ఆ సిమెంటు లారీ డ్రైవర్‌కి. జాకీ రాడ్డు తెచ్చి తాళం పగలగొట్టాడు. మేం బయటికి రాబోతుంటే జనం లోపలికొచ్చారు. అత్త సర్దిన కుర్చీల్లోనే కూర్చున్నారు. చిరిగిన తెర వంక చూసి ఎవరో ఈల వేశారు.

నందిగామ చేరేసరికి ఆరు. ఓనర్ పాత కెమెరాతో మనిషిని రిసెప్షన్‌కి పంపి, నాకోసం కూర్చునున్నాడు. నోరు తెరవబోతూ కార్డులో ఫోటోలు తిప్పాడు. ఒకచోట ఆగి, పెద్దది చేసి చూశాడు. “ఈ ఆకుపచ్చ చీర మా అత్తగారు కాదూ? పొద్దున్న ఫోన్ చేస్తే మోకాళ్లు లేవట్లేదంది! జగ్గయ్యపేటకి కారు పంపుతానన్నా మా ఇంటికి రాలేనంది!” ఆమె లైన్లో రెండో మనిషి. ముందున్నామెని మోచేత్తో నెడుతోంది. ఆయన నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు. ఆ ఫోటో ప్రింటు తీయించుకుని ఇంటికెళ్లాడు. నా ఉద్యోగం అలా నిలబడింది.

విజయవాడవాళ్లకి ఆ ఫోటోనే పంపాను. “అంశాన్ని గమనించగలరు” అని ఒక్క ముక్క రాసి తిప్పికొట్టారు. వాళ్ల తప్పేం లేదు.

ఇప్పుడా హాలు లేదు, ఆ జాగాలో బట్టల దుకాణం లేచింది. నాకూ సొంత స్టూడియో ఉంది. పెళ్లికి ముందు పాడుబడ్డ గోడల మధ్య ఫోటోలు తీయించుకోవాలని జంటలు అడుగుతుంటే తీసుకెళ్తుంటాను. అలాంటి చోట, చంకన కెమెరాతో, మనుషులెప్పుడు పక్కకి తప్పుకుంటారా అని విసుగ్గా ఎదురుచూసే ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గనక నాకు ఎదురైతే, బజ్జీలు కొనిపెట్టి, “ఫోటో తర్వాత తీద్దువుగానీ, ముందు వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడు” అంటాను. బజ్జీలు తింటుంది. మాట మాత్రం వినదు.