కోటుకు గొడుగు పట్టిన మామ

పది రోజులయింది. ఆ రోజు ఉదయం పాలు పోస్తూ పాలామె చెప్పింది: "ఇస్త్రీ మామ పోయినాడంటమ్మా, తెల్లారుజామున." గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు. ఆయనను క్షమాపణ అడగాలని పన్నెండేళ్లుగా అనుకుంటూ, రేపు, ఎల్లుండి అని నెట్టుకొచ్చినదాన్ని.

చిత్తూరులో మా వీధి చివర ఆయన ఇస్త్రీ అంగడి. వీధిలో అందరికీ ఆయన మామే. ఏ బట్ట తెచ్చినా ముందు వాసన చూసేవాడు. మరక కనబడితే "యాడ నుంచి వచ్చినావే నువ్వు?" అని దాన్నే అడిగేవాడు. "అది యాడిదో తెలిస్తే యెట్ల పంపాలో తెలుస్తాదమ్మా. ఊరికే రుద్దితే లోపలికి పోయి దాక్కుంటాది" అనేవాడు.

పన్నెండేళ్ల కిందటి మాట. నాకు పెళ్లయి అప్పటికి రెండు నెలలు. మా ఆయన ఒక ఆఫీసరు దగ్గర జీపు డ్రైవరు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒకరోజు కాగితంలో చుట్టిన తోలు కోటు తెచ్చి మంచం మీద పెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా మళ్లీ డ్యూటీకి పరుగెత్తాడు. విప్పి చూస్తే బిస్కెట్టు రంగు, మెత్తగా, మెరుస్తూ ఉంది. నా మొగుడు కొత్త కోటు కొనుక్కున్నాడని మురిసిపోయాను. చెబితే నవ్వుతారు. కొత్త బట్టకు మూలన పసుపు పెట్టకుండా మా ఇళ్లలో ఎవరూ ఒంటి మీద వేసుకోరు. తోలైతేనేం, బట్టే కదా అని తడి పసుపు తీసి కాలరు అంచున బొట్టంత పెట్టాను.

సాయంత్రం మా ఆయన చూసి గోడకు చేరగిలబడిపోయాడు. "కొంప ముంచినావే! అది ఆఫీసరుది. దుమ్ము తుడిపించుకోని రమ్మని ఇచ్చినాడు. ఆదివారం ఢిల్లీకి ఏసుకోని పోవాల."

గబగబా సబ్బునీళ్లతో తుడిచాను. పసుపు కాస్తా పారాణిలా ఎర్రబడింది. ఇక ఉద్యోగం పోయినట్టే అనుకుని ఇద్దరం మామ దగ్గరికి పరుగెత్తాం.

"సబ్బు పెట్టినావా తల్లీ! బాగుండాది నీ తెలివి" అంటూ నిమ్మకాయ తెమ్మన్నాడు. రసం అద్దితే ఎరుపు మళ్లీ పసుపైంది. "ఎండకు పసుపు పోతాది. ఆ ఎండకే తోలు పగులుతాది. యేం జేస్తాం, కావిలి కూర్చోవాల్సిందే."

అట్టముక్కకు మరకంత బొక్క చేసి కాలరు మీద పెట్టాడు. కోటుకు గొడుగు పట్టాడు. మరక మీద మాత్రం ఎండ పడాలి. పొద్దు జరిగేకొద్దీ గొడుగు జరిపేవాడు, చెయ్యి పెట్టి తోలు వేడి చూసేవాడు. ఇస్త్రీ పని మూలన పడేసి మూడు రోజులు అలా కూర్చున్నాడు. తను మాత్రం ఎండలోనే. మజ్జిగ తీసుకుపోయి, "నీ నెత్తి మీదికి కూడా కొంచెం జరుపుకో మామా" అన్నాను. "నా తోలుకేమమ్మా, యెప్పుడో బిరుసెక్కిపాయ" అని నవ్వాడు.

చివరికి గోటి కొనంత పసుపు మిగిలింది. బూటు పాలీషు పూసి కప్పేద్దామన్నాను. "అది ఆయప్ప మెడకంటుకుంటే రెండు తప్పులైతాయి" అని ఒప్పుకోలేదు. కోటు తనే తీసుకుపోయి బంగళాలో ఇచ్చాడు. "నా అంగట్లో పసుపు పడింది సార్, తప్పు నాదే" అన్నాడట. ఆఫీసరు నానా మాటలూ అన్నాడట. జీపు పక్కన నిలబడి మా ఆయన అన్నీ విన్నాడు, నోరు విప్పలేదు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మరుసటి వారం నుంచి బంగళాల బట్టలు మామ అంగడికి రావడం మానేశాయి. ఆ ఏడే మా ఆయన ఉద్యోగం పర్మనెంటయింది. మామ ఎప్పటిలాగే పలకరించేవాడు. మేమే తలవంచుకుని పోయేవాళ్లం. సిగ్గు, భయం, అంతకన్నా బద్ధకం. నిజం ఇదే.

నిన్న వాళ్లింటికి పోయాను. ఆయన భార్య కింద కూర్చుని మామ దినానికి బియ్యం ఏరుతోంది. "అత్తా, ఆ కోటు మీద పసుపు పెట్టింది నేనే" అన్నాను. ఆమె తలెత్తలేదు.

"తెలుసు గదమ్మా. ఆ నెల నుంచే గదా నేను ఇండ్లల్లో పాచిపనికి పోతా ఉండేది."

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె చేట నా వైపు కొంచెం జరిపింది. పొద్దు గుంకేదాకా ఇద్దరం రాళ్లు ఏరుతూ కూర్చున్నాం.