డిక్కీలో వంటింటి సిలిండరు

ఈ మధ్య ఏ పేపరు తిరగేసినా హైబ్రిడ్ కార్ల ముచ్చటే. కొంచెం పెట్రోలు, కొంచెం కరెంటు, రెండూ కలిసి చిన్న కారును లాగుతాయట. మా పక్కింటాయన అలాంటిదొకటి కొన్నాడు. పిల్లిలా చప్పుడు లేకుండా నా వెనక్కి వచ్చి, అద్దం దించి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో చెప్పబోతాడు. నేను వినను. అసూయ లేదని కాదు, ఉంది. కానీ అసలు కారణం వేరే. హైబ్రిడ్ బండి నడపడంలో ఈ చుట్టుపక్కల నేనే సీనియర్ని. రెండు రకాల ఇంధనాలతో బండి నడిపి, రెండూ లేకుండా హైవే పక్కన నిలబడ్డవాణ్ని నేను. నాకా ఈయన పాఠాలు!

నా బండి కాలానికి, తమిళనాడులో హోసూరు దగ్గరి మా ఉద్దనపల్లి వైపు హైబ్రిడ్ అంటే టమోటా విత్తనం. మూడెకరాల్లో అదే వేసేవాళ్లం. పొలం పని తెల్లవారుజామున, ఆపైన హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. రోజూ బస్సులో వేలాడలేక ఒక చిన్న కారు కొన్నాను. నాకంటే ముందు ఇద్దరు వాడి వదిలేసింది. వెనక తలుపు పైకి లేస్తే దాన్ని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, లేకపోతే నెత్తి మీద పడుతుంది. అయినా కారు కారే. మొదటి వారం వీధి చివర కొట్టుకు కూడా అందులోనే వెళ్లాను.

రెండో వారం పెట్రోలు పోయిస్తుంటే గుండె కలుక్కుమంది. అప్పుడే హోసూరులో ఒక మెకానిక్ గ్యాసు కిట్టు గురించి చెప్పాడు. డ్యాష్‌బోర్డు కింద ఒక బుల్లి స్విచ్చు. పైకి వేస్తే పెట్రోలు, కిందికి వేస్తే గ్యాసు. పొద్దున పెట్రోలుతో స్టార్ట్ చేసి, ఇంజిను వేడెక్కాక గ్యాసుకు మార్చుకోవాలి. గ్యాసు ఎక్కడిది? ఇంట్లో రెండు సిలిండర్లు ఉన్నాయి కదా, ఒకటి పొయ్యికి, ఒకటి డిక్కీకి. అది చట్టప్రకారం తప్పు. తప్పే కాదు, బతికి బయటపడటం మా అదృష్టం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది గానీ, అప్పుడు ఊళ్లో నాలాంటి తెలివైనవాళ్లు చాలామందే ఉండేవాళ్లు.

సిలిండరును డిక్కీలో పడుకోబెట్టి, బెల్టు కట్టి, ఎవరికీ కనబడకుండా దుప్పటి కప్పాను. నా భార్య వాకిట్లో నిలబడి చూసింది.

"అన్నం వండే గ్యాసు తీసకపోయి రోడ్డు మీద కాలుస్తావా? ఈడ పొయ్యి ఆరిపోతే ఏం చేసేదప్పా?"

"రెండు రకాలే! ఒకటి అయిపోతే ఇంకొకటి. ఈ బండి ఆగేదే లేదు," అన్నాను.

కిట్టుతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. దాన్ని మూడుసార్లు చదివాను, ఎర్రపెన్నుతో గీతలు కూడా గీశాను. వంటింటి గోడకున్న మేకుకు తగిలించుకొని, కాఫీ తాగుతూ మళ్లీ మళ్లీ చూసుకునేవాణ్ని.

కొన్నాళ్లకు ఇంకొక విడ్డూరం గమనించాను. పెట్రోలు మీటరు ముల్లు సగం దగ్గరే ఉంటోంది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి, కదల్లేదు. పొద్దున స్టార్ట్ చేయడానికి వాడే చుక్క పెట్రోలు లెక్కలోకే రావడం లేదన్నమాట! నా పొదుపుకు నేనే మురిసిపోయాను. ఫ్యాక్టరీలో టీ తాగే చోట అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చి చేరిన ఒక కుర్ర ఇంజనీరు అంతా విని, మెల్లగా అడిగాడు.

"ముల్లు పనిచేస్తుందాండీ?"

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాళ్లకు అన్నీ అనుమానాలే అనుకున్నాను.

ఇక్కడ నా భార్య సంగతి చెప్పాలి. టీచరు ట్రైనింగు చేసి, ఎంప్లాయ్‌మెంటు ఎక్స్చేంజిలో పేరు రాయించుకొని అప్పటికి పదకొండేళ్లయింది. అక్కడ సీనియారిటీదే రాజ్యం. మూడేళ్లకొకసారి కార్డు రెన్యువల్ చేయించుకోవాలి, మరిచిపోతే వరస మొదటికొస్తుంది. ఆమె ఒక్కసారీ మరిచిపోలేదు. చంటిబిడ్డను చంకనేసుకుని వెళ్లింది, జ్వరంతో వెళ్లింది. పదకొండేళ్లకు టీచరు ఉద్యోగానికి పిలుపు వచ్చింది. సర్టిఫికెట్లన్నీ తీసుకొని కృష్ణగిరిలో ఆఫీసుకు రావాలి. ఆ రోజు పోకపోతే వరసలో వెనకున్న ఇంకొకరిని పిలుస్తారు. ఆ కాగితాన్ని కూడా ఆమె నా పుస్తకం పక్కన అదే మేకుకు గుచ్చింది.

"సోమవారం పది గంటలకంతా ఆడుండాల. నేను బస్సులో పోతాను లే," అంది.

"బస్సా! ఇంట్లో కారు పెట్టుకొని బస్సా! నలుగురూ ఏమనుకుంటారు? నేనే దించుతాను."

ఆమె నా మొహం చూసి, మేకుకున్న కాగితం వైపు చూసింది. తర్వాత, "అయితే ఏడుకే బయల్దేరాల," అంది. అంత పొద్దున్నే ఎందుకని సణుక్కున్నాను.

ఆ ముందు రోజు ఆదివారం. ఆ కుర్ర ఇంజనీరు నోరు మూయించాలని వాణ్నీ, ఇంకో ఇద్దరినీ భోజనానికి పిలిచాను. నాటుకోడి పులుసు, రాగిముద్ద. వాళ్లను కారు చుట్టూ తిప్పి, స్విచ్చు పైకీ కిందికీ వేసి చూపించి, అరుగు మీద కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాను. మధ్యలో నా భార్య గడప దగ్గరికి వచ్చి ఏదో చెప్పింది. నేను "ఊఁ ఊఁ, కానీ కానీ" అన్నాను. పులుసు అద్భుతంగా ఉంది. ముద్ద మింగడం రాక ఇంజనీరు అవస్థ పడుతుంటే నాకు కడుపు నిండిపోయింది.

సోమవారం ఏడుకు బయల్దేరాం. ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుంది, ఒళ్లో సర్టిఫికెట్ల ఫైలు. శూళగిరి దాకా పెట్రోలు మీదే పోనిచ్చాను. హైవే ఎక్కాక, "ఇప్పుడు చూడు," అని దర్జాగా స్విచ్చు కిందికి వేశాను.

బండి రెండు సార్లు ఎక్కిళ్లు పెట్టింది. ఆగిపోయింది.

మళ్లీ పెట్రోలుకు మార్చాను. స్టార్టయింది. "చూశావా, దీనికే రెండుండేది!" అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. గురుబరపల్లి దాకా వచ్చామో లేదో, బండి ఒళ్లంతా వణికి రోడ్డు పక్కన కూలబడింది. ముల్లు మాత్రం సగం దగ్గరే, ఏమీ ఎరగనట్టు ఉంది.

దిగి, డిక్కీ తలుపు నెత్తిన మోస్తూ దుప్పటి తీసి, సిలిండరును కదిపి చూశాను. ఒంటి చేత్తో లేచి వచ్చింది.

"ఇది ఖాళీ కదే!"

"నిన్న చెప్పినాను గదప్పా. ముద్దకు ఎసురు పెట్టంగానే పొయ్యి ఆరిపాయె. నీ డిక్కీలోది తీసి పొయ్యికి పెట్టుకుంటాను, ఖాళీది దాని తావులో పెడతాను అంటే, ఊఁ ఊఁ కానీ కానీ అన్నావు."

"నేనా?"

"కాదు, నీ కారు అన్నింది."

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో చిన్నప్పుడు మా నాన్న ఎన్నిసార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు. గురుబరపల్లిలో అర్థమైంది. గ్యాసు ఉంది కదా అని పెట్రోలు పోయించలేదు. పెట్రోలు ఉంది కదా అని గ్యాసు చూసుకోలేదు. ఒకదాని మీద ఒకటి ధీమా పెట్టి రెండింటినీ గాలికొదిలేశాను.

అప్పటికి ఎనిమిదింబావు. బుద్ధి ఉన్నవాడైతే ఆమెను బస్సెక్కించి, క్యాను పట్టుకొని పెట్రోలుకు పోతాడు. నేను, "రెండు నిమిషాలు, సరిచేస్తాను," అన్నాను. ట్యాంకులో అడుగూబొడుగూ పెట్రోలు కదులుతుందేమోనని కారును అటూ ఇటూ ఊపాను. సిలిండరును తలకిందులుగా పెట్టాను. ట్యాంకు మూత తీసి నోటితో ఊదాను కూడా, నోరంతా కిరోసిను తాగినట్టయింది. ఊదుతూనే ఆమె వైపు చూశాను. చింతచెట్టు నీడలో రాయి మీద కూర్చొని, జామకాయ కొరుక్కుంటూ నన్నే చూస్తోంది. అరిచి తిట్టినా బాగుండేది. అంత నెమ్మదిగా ఉందంటే ఇక నాతో మాట్లాడటం దండగ అనుకుందేమోనని భయమేసింది.

తొమ్మిదయింది, తొమ్మిదింబావు అయింది. అప్పుడిక భేషజమంతా కరిగిపోయింది. రోడ్డు మధ్యలోకి పోయి బస్సులకు చేతులెత్తాను. ఆ ఊళ్లో ఆగే పల్లె బస్సులు అప్పటికే పోయాయి, వచ్చేవన్నీ ఎక్స్‌ప్రెస్ బస్సులు, ఒక్కటీ ఆగలేదు. పదకొండేళ్లు. పదకొండేళ్ల వరసను నా బుల్లి స్విచ్చుతో ఆర్పేశాను. ఆమె దగ్గరికి పోయి నిలబడ్డాను.

ఆమె లేచి చీర దులుపుకుంది. హోసూరు వైపు నుంచి వస్తున్న టెంపోకు ఒక్కసారి చెయ్యి చూపింది, అది ఆగింది. మామిడికాయల లోడు.

"అన్నా, కృష్ణగిరి దాకా వస్తాను, కలెక్టరాఫీసు దావలో దించు," అంది.

"రామ్మా, ముందర కూర్చో," అన్నాడు డ్రైవరు. నన్నూ, నా డిక్కీనీ చూసి, "ఏమప్పా, గ్యాసు డెలివరీనా?" అని నవ్వాడు.

ముందు సీట్లో ఒకరికే చోటుంది. టెంపో వెళ్లిపోయింది. రోడ్డు పక్కన నేనూ, ఖాళీ సిలిండరూ మిగిలాం. ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను, దుప్పటితో కళ్లు తుడుచుకుంటే గ్యాసు వాసన.

ఒక ట్రాక్టరు మీద పోయి, క్యానులో పెట్రోలు తెచ్చి, పోసి, కృష్ణగిరి చేరేసరికి పదకొండున్నర. కారును ఎక్కడ వదిలానో కూడా గుర్తులేదు. ఆఫీసు మెట్లు రెండేసి ఎక్కాను. వరండాలో బల్ల మీద నా భార్య, ఇంకో పది మంది ఆడవాళ్లతో వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కబుర్లు చెబుతోంది.

"అయిపోయిందా? లోపలికి రానియ్యలేదా? నేను సార్‌తో మాట్లాడతాను, తప్పు నాదే అని చెప్తాను," అన్నాను, ఊపిరి అందడం లేదు.

"కూర్చో. నీళ్లు తాగు. ఇంకా పిలవలేదు."

"పది గంటలకన్నావు గదే!"

ఆమె ఫైలు తెరిచి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. పన్నెండు గంటలకు హాజరు కావాలని ఉంది.

"నువ్వు నన్ను బస్సుకు పోనియ్యవని తెలిసే, నీ బండికి రెండు గంటలు ఎక్కువ ఏసుకున్నాను," అంది. "లేకపోతే నిన్ను నమ్ముకొని వస్తానా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, బతికిపోయాననిపించి. అప్పుడామె నవ్వడం ఆపి, గొంతు తగ్గించి అడిగింది.

"ఇరవై దినాలు ఈ కాగితం నీ పుస్తకం పక్కనే తగిలించి ఉండె. రోజూ ఆ పుస్తకం తీస్తావు, పెడతావు. ఇది ఒక్కసారన్నా చదివినావా అప్పా?"

చదవలేదు. తమిళంలో ఉంది అనడానికి లేదు, నేను బడంతా తమిళంలోనే చదివాను. తీరిక లేదనడానికి అంతకన్నా లేదు. తలొంచుకొని అక్కడే చదవడం మొదలుపెట్టాను. పైన ఆమె పేరు, వాళ్ల నాన్న పేరు, రిజిస్టరు నంబరు, పేరు రాయించుకున్న తేదీ. అప్పటికింకా మాకు పెళ్లి కూడా కాలేదు. కింద తేవలసిన సర్టిఫికెట్ల పట్టీ, ఒక్కొక్కదాని పక్కన ఆమె పెన్సిలుతో పెట్టుకున్న టిక్కు. ఆఖర్న టైము. ఒకటిన్నర పేజీ. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

నెలన్నర తర్వాత ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఆమె కవరు చించలేదు. తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే చదువు. ఎన్ని గంటలకో కూడా చూసి చెప్పు," అని వంటింట్లోకి పోయింది. గడప మీద కూర్చొని, ఆమెకు వినబడేలా మొదటి అక్షరం నుంచి చదివాను. కల్లావిలో గవర్నమెంటు బడి. సోమవారం. ఉదయం తొమ్మిదిన్నరకు. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మళ్లీ చదవమంటే మళ్లీ చదివాను.

కారులో దించుతానని అనలేదు. నడుచుకుంటూ బస్టాండుకు పోయి, కల్లావికి ఏ బస్సు ఎప్పుడు, ఎక్కడ మారాలో అడిగి రాసుకొచ్చాను. మేకుకున్న గ్యాసు పుస్తకం తీసేసి, ఆ కాగితం గుచ్చాను.