అమ్మకానికి ముందు ఊరేగింపు

ఆ రోజు రేపల్లెలో నా పనేమిటో గుర్తులేదు. రెండువేల అయిదు ప్రాంతంలో అనుకుంటాను, తెనాలిలో ప్యాసింజరు ఎక్కాను. ఎదుటి సీటులో బురఖా వేసుకున్న పెద్దావిడ అరిటాకు పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల గులాబీ దండలు.

"ఎవరిదండి పెళ్ళి?" అన్నాను.

"పెళ్ళి కాదు బాబూ. మా కారు అమ్మేస్తున్నాం."

టాపు వెనక్కి మడిచే పాత స్పోర్ట్స్ కారు. వాళ్ళ మామగారు కొన్నదట. ఆయన తర్వాత ఆమె భర్త దాన్ని వానకు తడవనివ్వలేదు, ఒక్క గీత పడనివ్వలేదు. చుట్టుపక్కల పెళ్ళికొడుకులంతా దాన్ని కిరాయికి తీసుకుని ఊరేగినవాళ్ళే.

"మా నిఖా రోజు మాత్రం అది బాపట్లలో ఇంకెవరి పెళ్ళిలోనో ఉంది. మామగారు వాళ్ళకి ముందే మాటిచ్చేశారు. మేం రిక్షాలో ఇంటికెళ్ళాం. తర్వాత ఎప్పుడడిగినా, కిరాయి బండిలో మనకేంటి షికారు అనేవారు మా ఆయన. ఇవాళ ఎవరో రేపల్లె స్టేషను దగ్గరికే వచ్చి కొనుక్కుపోతారంట. పోనీండి. నేనెక్కాకే పోద్ది."

రేపల్లె స్టేషను బయట టాపు తీసిన ఎర్ర కారు కొత్తదానిలా మెరుస్తోంది. కొనడానికి వచ్చినాయన స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొట్టి చూస్తున్నాడు. పక్కన ఆమె భర్త గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. ఆవిడ నేరుగా వెళ్ళి డోరు తీసింది.

"కాస్త దిగండి బాబూ. ఊళ్ళో ఒక చుట్టు తిరిగొచ్చి ఇచ్చేస్తాం."

కొనడానికి వచ్చినాయన ఆమె భర్త వైపు చూశాడు. భర్త ఆవిడ విప్పుతున్న పొట్లం వైపు చూశాడు. తుడుపుగుడ్డ జేబులో పెట్టుకుని, దండ కోసం తల వంచాడు.