రబ్బరు మాస్టారి చుక్క

డ్రాయింగ్ ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే నాకొక సంగతి అర్థమైంది. చీఫ్ అరుపులకు భయపడక్కర్లేదు, అవి గంటకోసారి ఉండేవే. భయపడాల్సింది, గీసినవన్నీ సరిచూసి తప్పులు చెరిపించే మా రబ్బరు మాస్టారికి. ఆయన పల్లెత్తు మాట అనేవారు కాదు. మనం గీసిన బొమ్మ మీద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, తెచ్చి మన బల్ల మీద ఉంచి వెళ్ళిపోయేవారు. ఆ చుక్క దరిదాపుల్లో తప్పుందని అర్థం. అదేమిటో మనమే వెతుక్కుని చావాలి.

నీళ్ళ పంపులు చేసే ఫ్యాక్టరీ మాది. కింద షెడ్లలో ఇనుము పోతపోసేవాళ్ళు, పై అంతస్తులో పెద్ద కిటికీల పక్కన పదకొండు వాలు బల్లలు, వాటి ముందు మేము. ప్రింట్లు తీసే మెషిన్ దగ్గర్నుంచి అమ్మోనియా వాసన ముక్కు పగిలేట్టు వచ్చేది. ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే మావాళ్ళు ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం ఆగి ఇంకోసారి పీలుస్తాను. ఆ రోజులంటే నాకంత ఇష్టం.

మాస్టారు పద్దెనిమిదో ఏట, పెన్సిల్ బొమ్మల్ని సిరాతో ఎక్కించే ట్రేసర్‌గా చేరి, చెకర్ అయ్యి, అక్కడే ఆగిపోయారు. ప్రతి డ్రాయింగు కింద మూడు గళ్ళుండేవి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ఆ మధ్య గడిలోనే ఆయన జీవితమంతా గడిచింది. చీఫ్ పోస్టుకి మొదటిసారి అడిగితే చదువు చాలదన్నారు. పట్టు వదలకుండా సాయంకాలం కాలేజీకి వెళ్ళి డిప్లొమా తెచ్చుకున్నాక, వయసు ఎక్కువైందన్నారు. ఆయన బావమరిది ఎప్పుడొచ్చినా గుమ్మంలోంచే, "ఏం బావగారూ, ఇంకా చెరుపుడేనా?" అని ఆట పట్టించేవాడట. మాస్టారు నవ్వేవారట. ఆయన భార్యకి, మేమంతా పిన్నిగారు అనే ఆవిడకి, మాత్రం ఒళ్ళు మండేది.

ఆయన పద్ధతి ఆయనది. సరిగ్గా ఉన్న ప్రతి అంకె మీదా పసుపు పెన్సిల్ పూసుకుంటూ వెళ్ళేవారు. తప్పు దిద్దాక, చుక్క పెట్టిన ప్రింటును నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేసేవారు. ఎందుకు చింపుతారని అడిగాను ఒకసారి.

"దిద్దేశావుగా. ఇంక అది ఎవరిక్కావాలి?" అన్నారు.

నా అసలు ఘనకార్యం రెండో ఏట జరిగింది. ఒక కొత్త పంపు డొప్ప ఆకారం పల్చటి కాగితం మీద పెన్సిల్‌తో గీసి ఇచ్చారు, కొలతలు వేరే చీటీ మీద. దాని మీద ట్రేసింగ్ షీటు పరిచి సిరాతో ఎక్కించాను. కొలతలన్నీ రాసి, మురిసిపోయి, చెకింగ్‌కి పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. అంకెలన్నీ పసుపు. చుక్క మాత్రం బొమ్మ బయట, ఖాళీ మూలలో ఉంది.

రెండు గంటలు కళ్ళల్లో వత్తులేసుకుని వెతికాను. ఒక్క తప్పూ కనిపించదు. ఏడుపు ముంచుకొచ్చి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"షీటు తీసుకెళ్ళి కిటికీ అద్దానికి ఆనించు. వెనక్కి తిప్పి చూడు," అన్నారు.

చూశాను. అలా తిప్పితేనే బొమ్మ సరిగ్గా ఉంది. కింద పెట్టిన పల్చటి కాగితాన్ని నేను బోర్లా పరిచాను. కుడివైపు నీళ్ళు వదలాల్సిన పంపు ఎడమవైపు వదులుతోంది. ఈ తప్పు నాలాంటి ట్రేసర్లు తప్ప మరొకరు చేయలేరు. అది కిందికి వెళ్ళి ఉంటే అరవై డొప్పలు పోతపోసి, అరవయ్యీ తుక్కులో పడేసేవారు. వాటితోపాటు నా ఉద్యోగం కూడా. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదనే కథేమీ లేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ గీసిచ్చాను, మాస్టారు పాతది చింపేశారు, అంతే. గదిలో ఎవరికీ తెలియనే లేదు.

తొమ్మిదేళ్ళ తర్వాత చీఫ్ రిటైరయ్యాడు. వయసు నిబంధన ఎత్తేశారు. మాస్టారికి అదే ఆఖరి అవకాశం. ఇంటర్వ్యూకి మిగిలింది ఆయనా, నేనూ. ఆ రోజు పిన్నిగారు దగ్గరుండి కొత్త చొక్కా తొడిగించి పంపారు. ముందు ఆయన్ని పిలిచారు, నేను తలుపు బయట కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాల్లో వచ్చేశారు.

"ఏమడిగారు మాస్టారూ?"

"మామూలేనమ్మాయ్. కంగారు పడకుండా వెళ్ళు."

లోపల మేనేజరు నన్ను, "మీ డ్రాయింగు ఎప్పుడైనా తప్పుగా షెడ్డుకి వెళ్ళిందా?" అని అడిగాడు.

"ఒక్కటీ వెళ్ళలేదండీ," అన్నాను.

అబద్ధం కాదు. వెళ్ళకుండా ఆపిందెవరో వాళ్ళడగలేదు, నేను చెప్పలేదు. ఆయన పేరు నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఉద్యోగం నాకిచ్చారు. అందరికంటే ముందు వచ్చి అభినందించింది మాస్టారే. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు, రిటైరయ్యేదాకా, నేను సంతకం పెట్టబోయే కాగితాల మీద కూడా మొహమాటం లేకుండా చుక్కలు పెట్టారు.

ఆయన వెళ్ళిన మూడేళ్ళకు ఉద్యోగుల పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, కాగితాలు పారేయాలనుకున్నారు. మా విభాగానివి నా బల్ల మీదకొచ్చాయి. మాస్టారి ఫైల్లో మేనేజరు చేతిరాత ఉంది: "పట్టుకున్న పెద్ద తప్పు ఒక్కటైనా చెప్పమన్నాం. జ్ఞాపకం లేదన్నారు. జ్ఞాపకశక్తి తక్కువ. పదవికి తగరు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదిహేనేళ్ళ కిందటి పంపుకి బోల్టులెన్నో, ఏ సైజువో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి ఆయన.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో పిన్నిగారు కూర తరుగుతుంటే, ఆయన పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. కాగితంలో ఉన్నది చెప్పాను. పిన్నిగారి కత్తిపీట ఆగిపోయింది.

"జ్ఞాపకం లేదన్నారా? నా పెళ్ళినాటి చీర అంచు రంగు ఇప్పటికీ చెప్తారు కదండీ మీరు! ఏడేళ్ళుగా ఆ ఫ్యాక్టరీవాళ్ళనే ఆడిపోసుకుంటున్నాను నేను," అన్నారావిడ.

నేను కిందకి చతికిలబడి, "ఎందుకలా అన్నారు మాస్టారూ?" అని అడిగాను.

చేతిలో కాయ ఈనె పూర్తిగా తీసి గిన్నెలో వేశారు.

"ఏం చెయ్యనమ్మాయ్, ఆ టైముకి నీ పంపు తప్ప ఇంకేదీ గుర్తుకు రాలేదు. నువ్వేమో తలుపవతలే కూర్చున్నావాయె."