ఎన్నూరు ఆకాశానికి ఒక మేకు

మా ఇంట్లో ఎవరైనా ఏడిస్తే ఎవరూ కారణం అడగరు. మాది ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. ఉత్తర మద్రాసులో కింద అంగడి, మీద ఇల్లు. కింద ఒక బస్తా విప్పితే చాలు, మిద్దెమీద అవ్వ నుంచి మెట్ల కింద పిల్లి దాకా అందరికీ కళ్లనీళ్లే. అందువల్ల నేను చిత్రకళ చదువు ముగించి ఇంటికొచ్చి, అంగట్లో కూర్చోననీ, ప్రకృతి దృశ్యాలు గీసుకుని బతుకుతాననీ కళ్లు తుడుచుకుంటూ ప్రకటించినప్పుడు ఆ సన్నివేశానికి రావాల్సినంత బరువు రాలేదు. మా నాయన రెండు తుమ్ములు తుమ్మి, "సరి, ముందు కిందికి పోయి ఆ గోతం మూతి కట్టు" అన్నాడు.

ఇది డెబ్బైలలో మాట. నాకున్న చిక్కల్లా కంటికి కనిపించింది కనిపించినట్టు గీయడం తప్ప మరొకటి చేతకాకపోవడం. ఆ రోజుల్లో అది పైకి చెప్పుకునే విద్య కాదు. నా తోటివాళ్లు కాన్వాసు మీద ఒక నల్ల చుక్క, ఒక ఎర్ర గీత పెట్టి దానికి 'అస్తిత్వం' అని పేరు పెట్టేవాళ్లు. నేను వ్యాసార్పాడి దగ్గర రైలు కట్ట గీసి 'వ్యాసార్పాడి దగ్గర రైలు కట్ట' అని పేరు పెట్టేవాణ్ణి. మా మాస్టారు దాని ముందు చాలాసేపు నిలబడి, "క్యాలెండర్‌కి పనికొస్తుంది" అన్నారు. మా బడిలో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

ఆ బొమ్మనే ఇంటికి తెస్తే అవ్వ అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"ఇది క్యాలెండర్‌కి కూడా పనికిరాదు గదరా. సామి ఏడ?"

ఈ రెండు అభిప్రాయాల మధ్య నా వృత్తి మొదలైంది.

కొన్నాళ్లు కోడంబాక్కంలో పనిచేశాను. సినిమా స్టూడియోలో పెద్ద పెద్ద తెరల మీద కొండలూ మేఘాలూ వేసే పని. అక్కడి మేస్త్రి మంచివాడు. నా మేఘం చూసి, "తంబీ, ఇది నిజంగానే వాన కురిసేట్టు ఉండాది. హీరోయిన్ జడుసుకుంటాది. తెల్లగా దూది మాదిరి వెయ్యి" అన్నాడు. వేశాను. ఆ దూది కింద ఒక జంట కాశ్మీరులో పాడుకున్నారు. బయట రైలు గేటు దగ్గర ఎండకి తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. నాకు ఆ తారు గీయాలనిపించింది. పని మానేశాను. మేస్త్రి ఏమీ అనుకోలేదు. నేను మానేసినట్టు ఆయన గమనించడానికే కొన్నాళ్లు పట్టిందని తర్వాత తెలిసింది.

మా నాయన వ్యాపారస్తుడు. ఆయనకి కోపం రాదు, షరతులు వస్తాయి. నేను కోడంబాక్కం నుంచి తిరిగొచ్చిన ఆదివారం, భోజనాల దగ్గర, మజ్జిగలోకి వచ్చాక చెప్పాడు.

"బయటోడు ఎవుడైనా ఒక్కడు, మన చుట్టం కాకూడదు, నీ బొమ్మ కోసరం వాడి గోడకి ఒక మేకు కొట్టనీ. ఆ దినం నుంచి నిన్ను అంగటికి పిలవను."

"ఎన్నాళ్లు చూస్తావు నాయనా?"

"వచ్చే సంవత్సరం ఆఖరుదాకా. ఆపైన గల్లాపెట్టె పక్కన కొత్త పరుపు వేయిస్తా. దాని మీద నువ్వన్నా కూర్చోవాల, లేకుంటే నేనన్నా కాళ్లు చాపుకోవాల."

"మేకు నేనే కొని ఇవ్వొచ్చా?"

"మేకు కొనియ్యి. సుత్తి మాత్రం వాడి చేతిలో ఉండాల."

నా భవిష్యత్తు అంతా ఒక మేకు మీదికి వచ్చింది. చాలామంది చిత్రకారులకి ఇంత స్పష్టమైన ఆశయం ఉండదు.

అప్పటి నుంచి మద్రాసుకి ఉత్తరాన, సముద్రం పక్కనున్న ఎన్నూరు పోవడం మొదలుపెట్టాను. నా తోటివాళ్లలో బొమ్మ గీయాలన్న కోరిక పుట్టినవాడల్లా మహాబలిపురం పోయేవాడు. అక్కడ రాళ్ల కంటే చిత్రకారులు ఎక్కువ. ఎన్నూరులో ఆ బెడద లేదు. సముద్రం నుంచి లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి కయ్య, అందులో రొయ్యల పడవలు, వెనకాల థర్మల్ స్టేషన్ చిమ్నీ, దాని మీద పొగ. రోడ్డు మీద లారీలు. నీళ్ల మీద నూనె తెట్టు. నాకు కావలసినవన్నీ ఉన్నాయి.

ఆకాశం దగ్గరే ఆగిపోయాను. ఎన్నూరు ఆకాశం నీలం కాదు. బియ్యం కడిగిన నీళ్ల రంగు. అందులోనూ మొదటిసారి కడిగిన నీళ్లు కాదు, రెండోసారివి. తెలుపులో పిసరంత పసుపు, ఇంకా పిసరంత నలుపు కలిపితే తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండేది, ఆరాక సిమెంటు గోడలా అయ్యేది. గీకేసి మళ్లీ కలిపేవాణ్ణి. ఒకనాటికి కుదిరింది. కుదిరిన గంటకే చిమ్నీ మసి వచ్చి తడిరంగు మీద వాలింది. మొదట్లో గోటితో ఏరాను. తర్వాత వదిలేశాను. నేను ఎన్నూరుని గీస్తున్నప్పుడు ఎన్నూరు కూడా తన వంతు కొంచెం గీస్తే తప్పేమిటి?

రొయ్యలు పట్టే ఒకాయన రోజూ వచ్చి చూసేవాడు. మొదట నన్ను కరెంటాఫీసు సర్వే మనిషి అనుకున్నాడు. కాదని తెలిశాక కొంచెం చిన్నబోయాడు.

"నన్ను కూడా వెయ్యి" అన్నాడు ఒకరోజు.

పడవలో నిలబడమన్నాను. వెదురు గడ నిటారుగా పట్టుకుని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. దిగివచ్చి కాన్వాసు ముందు వంగాడు.

"నేనేడ?"

"ఇదిగో."

"ఇది కాకి గదా."

"అంత దూరం నుంచి అట్లానే కనిపిస్తావన్నా."

"ఎవురు దూరం నుంచి చూడమన్నారప్పా నిన్ను? దగ్గరికొచ్చి చూడాల్సింది" అని గడ భుజాన వేసుకుని పోయాడు. వాస్తవిక చిత్రకళ మీద నేను చాలా చర్చలు విన్నాను. వాటిలో ఎక్కడా ఈ ప్రశ్న రాలేదు.

ఆ సంవత్సరం చివర్లో శివకాశి నుంచి క్యాలెండర్ల ఏజెంటు తన ఆల్బం పట్టుకుని వచ్చాడు. మా అంగడి తరఫున ఏటా ఖాతాదారులకి క్యాలెండర్ పంచడం ఆచారం. ముందటి ఏడు ఒక అవమానం జరిగింది. మా క్యాలెండర్ మీద లక్ష్మీదేవి, ఎదురంగడి క్యాలెండర్ మీద లక్ష్మీదేవి ఒకే దేవి. అదే చీర, అదే ఏనుగులు, కింద అంగడి పేరే వేరు. సగం మంది ఖాతాదారులకి రెండూ అందాయి. నాయన ఏడాది పొడుగునా ఏ అంగటికి పోయినా ఇద్దరు కవలలు పక్కపక్కన వేలాడుతూ కనిపించారు.

"ఈ తూరి ఎదురంగడోళ్లు వేసుకోనిది చూపించు" అన్నాడు నాయన.

ఏజెంటు పేజీలు తిప్పాడు. వెన్నదొంగ కృష్ణుణ్ణి చింతపండు వాళ్లు ముందే పట్టుకుపోయారు. వెంకటేశ్వరస్వామి ముగ్గురి పేరు మీద ఉన్నాడు. మిగిలినవాళ్లు ఎదురంగడికి పోరని చెప్పలేనన్నాడు.

"మన అబ్బోడు గీస్తాడు గదా, వాణ్ణి గీయమను లక్ష్మిని" అంది అవ్వ.

"నేను చూసిందే గీస్తానవ్వా. లక్ష్మిని చూళ్లేదు."

"అంగటికి వస్తే కనిపిస్తాది" అన్నాడు నాయన, ఆల్బం మీంచి తలెత్తకుండా.

కాసేపటికి ఆయన చూపు బస్తాలకి ఆనించిన నా ఎన్నూరు మీద పడింది. అరువు అడిగేవాణ్ణి చూసినట్టు చూశాడు.

"దీన్ని ఎదురంగడోళ్లు వేసుకుంటారా?"

ఏజెంటు నిజాయితీపరుడు. "ఎవురూ వేసుకోరు సెట్టిగారూ."

"అయితే ఇదే వెయ్యి."

నా చిత్రం తొలిసారి ఎంపికైంది ఈ విధంగా.

క్యాలెండర్లు వచ్చాయి. కట్ట విప్పి చూస్తే ఆకాశం నీలంగా ఉంది. పండుగనాటి కొత్త చొక్కా నీలం. మసి ఒక్క చుక్క లేదు.

"ఆకాశం మురికిగా ఉండాదని ప్రెస్సోళ్లే కడిగినారు. నువ్వు అడక్కపోయినా చేసినారు చూడు" అన్నాడు ఏజెంటు, నా ముఖంలో కృతజ్ఞత కోసం వెతుకుతూ.

ఆ మధ్యాహ్నం నిరసనగా అన్నం మానేశాను. సాయంత్రం అవ్వ బోండాలు వేసింది. నిరసన అక్కడితో ముగిసింది.

మా వాళ్లలో కొత్త క్యాలెండర్‌కి బొట్టు పెట్టకుండా గోడకి తగిలించరు. అవ్వ కుంకుమ భరిణె తెచ్చుకుని క్యాలెండర్ ముందు కూర్చుంది. వేలు కుంకుమలో ముంచి, పెట్టడానికి నొసలు ఎక్కడుందా అని బొమ్మంతా గాలించింది. చివరికి చిమ్నీకి పెట్టింది.

"ఉండేవాట్లో పెద్దది అదే గదరా" అంది.

పంచడానికి నాయనే పోయాడు. ఒక ఖాతాదారు దాన్ని విప్పి, చుట్టి, మళ్లీ విప్పి, "సామి ఏడ సెట్టిగారూ?" అని అడిగాడట. నాయన ముఖంలో ఏమీ మారకుండా, "ఆ ఊర్లోనే ఉంటాడు. సాయంకాలం దీపం పెడతారు" అన్నాడట. నన్ను వెనకేసుకొచ్చాడని మురిసిపోకముందే అవ్వ చెప్పింది, సరుకు మీద మాట పడితే ఊరుకోడు, అంతే అని.

ఏమైతేనేం, నా బొమ్మ చాలా గోడలెక్కింది. నాయన దగ్గరికి పోయి షరతు గుర్తుచేశాను.

"అవన్నీ పాత మేకులు" అన్నాడు. "పోయినేటి లక్ష్మిని దించి దాన్ని తగిలించినారు. నీ కోసరం ఎవురు కొట్టినారు?"

నేను మళ్లీ రంగులపెట్టె సర్దుకున్నాను.

ఆ ఏడంతా ఎన్నూరు పోతూనే ఉన్నాను. ఒక ప్రదర్శనకి బొమ్మలు పంపితే తిరిగొచ్చాయి, అట్టపెట్టె మాత్రం మారింది. సంవత్సరం చివరికి వచ్చింది. దూదేకులవాడు వచ్చి పరుపు కోసం దూది ఏకిపోయాడు. మెత్తటి దూది. పట్టుకుని చూడమని నాయన నన్నే పిలిచాడు. ఆయన ఈసారి ఆల్బం రాకముందే లక్ష్మిని ఖాయం చేసుకున్నాడు.

కొత్త క్యాలెండర్లు పంచడానికి నన్ను వెంట రమ్మన్నాడు. అంగట్లో నా మొదటి ఉద్యోగం అదే: నా బొమ్మ దించి, లక్ష్మిని తగిలించడం. దించిన ఎన్నూరులు చుట్టి ఇచ్చేవాణ్ణి. కొన్ని అప్పటికే దిగిపోయి వేరే పనుల్లో చేరాయి. ఒక అంగట్లో బెల్లం అచ్చుల కింద పరిచిన కాగితం మీద చిమ్నీ కొస కనిపించింది. జిడ్డుకి బాగానే ఆగింది.

చివరగా మనలి పోయాం. రిఫైనరీకి పోయే రోడ్డులో ఒక పెద్దామె కిరాణా అంగడి. ఎప్పటినుంచో మా దగ్గరే మిరపకాయలు తీసుకుంటుంది. నేను లోపలికి పోయి చెయ్యి ఎత్తితే గోడ మీద మేకు ఖాళీగా ఉంది.

"పాతది ఏడమ్మా?"

ఆమె వేలితో చూపించింది. తూర్పు గోడ మీద, దీపం గూటికి పైన, నా ఎన్నూరు ఉంది. కింద తేదీల భాగం కోసేసి, అద్దం వేయించి, నల్ల చెక్క కట్టించింది. రొయ్యలాయన మీద ఆయన కనిపించనంత పెద్ద కుంకుమ బొట్టు.

"దాన్ని కదిలించొద్దు నాయనా. లక్ష్మిని ఆ పాత మేకుకి తగిలించు" అంది.

నాయన గొంతు సవరించుకున్నాడు. "దాన్ని ఎందుకు కట్టించినావమ్మా?"

"ఏంది సెట్టిగారూ, మీరే ఇచ్చి మీరే అడగతారు. చేతిలో వేలాయుధం పట్టుకోని నీళ్ల నడిమిన నిలబడుండాడు గదా సుబ్రమణ్యసామి. ప్రతి శుక్రవారం బొట్టు పెడతాండా. కరెంటు పోయినప్పుడు దండం పెట్టుకుంటా. ఒక్కోసారి వస్తాది. అట్లాంటి సామిని చెత్తలో వేసేదా?"

నాయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను, అంటే బొమ్మలోది. ఏడాది పొడుగునా సాంబ్రాణి పొగ, దీపం మసి, రిఫైనరీ గాలి అద్దానికి పట్టి ఆ నీలం పోయింది. బియ్యం కడిగిన నీళ్ల రంగు, రెండోసారివి. పంచిన అన్ని క్యాలెండర్లలో ఆకాశం సరిగ్గా ఉన్నది ఇదొక్కటే అయ్యుంటుంది. నేను ఎంత కష్టపడి కలిపానో ఆమె అంగడి అంత సులువుగా కలిపింది. కళ్లు చెమర్చాయి. మిరపకాయల బస్తా దగ్గరే ఉంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

నాయన చెప్పులు వదిలి ఒక పీట ఎక్కాడు. పటాన్ని రవంత పైకెత్తి వెనక చూశాడు. మేకుని రెండు వేళ్లతో పట్టి కదిపాడు, మిరపకాయ ఎండిందో లేదో చూసినట్టు. కదల్లేదు.

"ఎవురు కొట్టినారమ్మా ఇది?"

"నేనే. సున్నం రాలిందని నా కోడలు ఒకటే గొణుగుడు."

తిరుగు బస్సులో ఆయన మిగిలిన క్యాలెండర్లు లెక్కపెట్టుకున్నాడు. ఉండబట్టలేక నేనే అన్నాను.

"ఆమె బొమ్మ కోసరం కొట్టలేదు నాయనా. సామి అనుకొని కొట్టింది."

"ఎందుకు కొట్టినారని షరతులో లేదు" అన్నాడు కిటికీలోంచి చూస్తూ. మరో రెండు స్టాపులు పోయాక, "రేపు అంగటికి రావద్దులే" అన్నాడు.

మర్నాడు ఆదివారం, అంగడికి ఎట్లాగూ సెలవు. అందుకని నేను తొందరపడి సంతోషించలేదు. సోమవారం కూడా పిలవలేదు. మెట్లు దిగి చూస్తే కొత్త పరుపు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. నేను రంగులపెట్టె తీసుకుని ఎన్నూరు బస్సెక్కాను.

రొయ్యలాయన కయ్య గట్టు మీద వల ఆరేస్తున్నాడు. మనలిలో ఆయనకి ప్రతి శుక్రవారం కుంకుమ, దీపం, సాంబ్రాణి జరుగుతున్నాయని చెప్పాను. వల దులపడం ఆపకుండానే విన్నాడు.

"అయితే ఈ తూరి కొంచెం పెద్దగా వెయ్యి" అన్నాడు.