చేపనీళ్ల ద్రాక్షపందిరి

నెల్లూరు చేపల మార్కెట్ దగ్గర ఆటో ఆగిందంటే లోపలున్న వాళ్లంతా ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ద్రాక్షపండ్లు గుర్తొస్తాయి. ఈ మాట చెప్తే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది, జ్వరమేమోనని.

దొరవారిసత్రంలో మా పెరటి పందిరికి పాకిన తీగ అది. మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటింది. రోజూ చేపలు కడిగిన నీళ్లు దాని మొదలు దగ్గర పారబోసేది. ఎండలు ముదిరేసరికి నల్లటి గుత్తులు తలకు తగిలేవి. తోలు మందం, లోపల జారిపోయే కండ, నడుమ రెండు గింజలు, మొదట పులుపు, మింగేటప్పుడు పన్నీరు చల్లినట్టు తీపి, ఆ పైన పెదాలకూ చొక్కాకూ పట్టుకునే ఊదారంగు. ఆ పండు దొంగిలించి దొరక్కుండా ఉండటం ఎవరివల్లా కాలేదు. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణే అయినా జేజి వైద్యం నాకు కంఠతా వచ్చు: మలబద్ధకానికి గుప్పెడు, నీరసానికి గుత్తి, ఎండదెబ్బకు రసం.

ఒక ఏడు అక్కకు కామెర్లు వచ్చాయి. అన్నం చూస్తేనే వాంతి. ఆ పండ్లొక్కటే లోపలికి దిగేవి. పండినవి అయిపోయాయి, మిగిలినవన్నీ పచ్చివి. చేపనీళ్లకే తీగ ఇంత సంబరపడితే ఉప్పుచేపలు నానబెట్టిన నీళ్లకు ఇంకెంత సంబరపడుతుందో అనుకుని, నాలుగు రోజులు బిందెలకొద్దీ పోశాను. ఆకులు అంచుల నుంచి మాడాయి, గుత్తులు ముడుచుకున్నాయి, నెల తిరక్కముందే తీగంతా కట్టెపుల్ల.

జేజి తీగ మొదలు దగ్గరి మట్టి నాలుకకు అద్దుకుంది. “ఏం బోసినావు రా అబ్బయా?”

“పిల్లి ఉచ్చ పోసుంటాది జేజీ.”

అక్క ఎలాగో కోలుకుంది. తీగ కోలుకోలేదు.

ఇప్పుడు అక్క నెల్లూరు ఆస్పత్రిలో ఉంది. మందులకు నోటి రుచి చచ్చిపోయింది. ఏం పెట్టినా ఇసుక నమిలినట్టుందని తోసేస్తోంది. ఏదో ఒకటి తినకపోతే మనిషి నిలవదని డాక్టరమ్మ చెప్పేసింది. “మన పందిరి కాయలైతే దిగుతాయేమో రా,” అనింది అక్క.

ఒకప్పుడు జేజి కొమ్మలు కోసిచ్చిన ఇళ్లన్నీ మోటారు సైకిలు మీద తిరిగాను. ఒకచోట రొయ్యల గుంట, ఒకచోట కారు నిలిపే సిమెంటు నేల. ఇంకోచోట ముసలాయన నన్ను జాలిగా చూశాడు. “ద్రాక్షకాయలకా ఇంత దూరం వచ్చినావు? బజార్లో దొరకతాయి గదబ్బా!”

చివరికి తోపుడుబండి మీద నల్లద్రాక్షే కొన్నాను. కవరు పారేసి, ఇత్తడి గిన్నెలో పోసి పట్టుకెళ్లాను.

“దొరికినాయక్కా.”

ఒకటి నోట్లో పెట్టుకుంది. నాలుకతో చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

“గింజేది రా?”

“నీకు శ్రమెందుకని నేనే తీయించినా.”

అక్క ఆ పండును అరచేతిలోకి ఉమ్మి, నా చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.